కుడితి తొట్టిలో మంద

రండప్పా, రండి. అరుగు మీద ఉన్నవాళ్లు కొంచెం జరగండి, నిలబడ్డవాళ్లు కూర్చోండి. ఆ సెల్లు జేబులో పెట్టు నాయనా, అది రేపైనా మాట్లాడుతుంది. అక్కా, నీ కోడలి సంగతి తర్వాత చెప్పుకుందువు గానీ, కాసేపు గమ్మునుండు. అందరూ నోళ్లు మూశారా? మూశారు కదా. అయితే ఇప్పుడు చెవులు తెరవండి.

ఈ ఓబులేసు ఇంట్లో పదివేల తలల మంద ఉండేది.

నవ్వకండి. శింగనమల చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అంత మంద లేదు. దానికి పలుపు అక్కర్లేదు, మెడకు గంట అక్కర్లేదు, కాపలాకు మనిషి అక్కర్లేదు. మంద మొత్తం ఒక రాతి తొట్టిలో పట్టేది. తల ఎటువైపో తోక ఎటువైపో ఆ దేవుడికి కూడా తెలియదు. అవి వానపాములు. వాటిని పెంచింది నేను కాదు, మా ఇంటిది, బయమ్మ.

ముందు ఆ తొట్టి సంగతి చెప్పాలి. అది మా కొట్టంలోని కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్లు, సంగటి కుండ కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కు, గుప్పెడు తవుడు అన్నీ కలిపి అందులో పోస్తే పశువులు తాగేవి. బయమ్మ కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆ తొట్టి ఎండింది లేదు. మొదట రెండు జతల ఎద్దులు, తర్వాత ఒక జత, తర్వాత నాలుగు మేకలు, చివరికి ఒకే ఒక్క ఎనుము. వేరుశనగ బుడ్డల పంట పోయిన ప్రతి ఏడాదీ కొట్టంలో ఒక గుంజ ఖాళీ అవుతూ వచ్చింది. పోయినేడు గడ్డివాములో ఒక్క పరక కూడా లేక, పాలిచ్చే ఆ ఎనుమును కూడా సంతకు తోలాను. బయమ్మ దాని మొహానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది. ఎనుము మాత్రం నన్ను చూసి నవ్వింది. నిజం. పచ్చగడ్డి ఉన్న ఊరికి పోతున్నానని దానికి ముందే తెలిసిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే బయమ్మ కుడితి కుండ ఎత్తుకొచ్చి తొట్టిలో పోసింది.

"ఏమే, ఎవరికి పోస్తాండావు?" అన్నాను.

"చెయ్యి ఊరుకోలేదప్పా," అంది.

ఆ మరుసటి రోజూ పోసింది. నెలరోజులు పోసింది. నీళ్లు ఎండకు ఇంకిపోయేవి, తొక్కు అట్టలు కట్టేది, ఈగలు ముసిరేవి. వీధి చివర కుప్పలో వేయమంటే, "పెట్టిన చేత్తోనే పారేయమంటావా?" అని నా మీదికి లేచింది. ఆమె నలభై ఏళ్లుగా పొద్దున లేవగానే ఏదో ఒక నోటికి పెట్టి, ఆ తర్వాతే తన నోట్లో నీళ్లు పోసుకునేది. ఇప్పుడు పెట్టడానికి నోరు లేదు. నేనున్నాను కదే అంటే, "నువ్వు పెట్టకపోయినా తింటావు," అంది. అదీ నిజమే.

దసరా పోయినాక వ్యవసాయం ఆఫీసు నుంచి ఆశ్రిత అనే పిల్ల స్కూటీ మీద వచ్చింది. బడి వరండాలో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ప్లాస్టిక్ తట్టలోంచి ఎర్రటి వానపాములను తీసి అరచేతిలో చూపించింది.

"వంటింటి చెత్త పారేయొద్దండమ్మా. ఇవి తింటాయి. తిని ఎరువు చేసిస్తాయి," అంది.

మా పక్కింటి సుబ్బరత్నమ్మ ఊరుకుంటుందా? "వానే లేదు, వానపాములు తెచ్చినావు. ఆ సంచిలో వాన గూడా ఏమన్నా ఉండాదా, చూడు పాపా," అంది. అందరూ పడీపడీ నవ్వారు.

బయమ్మ నవ్వలేదు. ఆమె చెవిలో ఒక్క మాటే పడింది.

"రోజూ తింటాయా పాపా?"

"రోజూ తింటాయవ్వా."

"పొద్దున్నే పెట్టొచ్చునా?"

"పొద్దున్నే పెట్టు."

బయమ్మ కొంగు చాపింది. ఆశ్రిత రెండు పిడికిళ్లు వేసింది. నీడ ఉండాలి, తడి ఆరకూడదు, మేత కొంచెం కొంచెంగా పెట్టాలి, ఉప్పు వద్దు, కారం వద్దు, పులుపు వద్దు, నూనె వద్దు అని మూడుసార్లు చెప్పింది.

"అవన్నీ తీసేస్తే మన వంటింట్లో పొయ్యి తప్ప ఏం మిగల్దు గదా పాపా," అంది బయమ్మ. కానీ ఆ నాలుగు మాటలూ ఆమె మంత్రం మాదిరి పట్టుకుంది.

తొట్టి అడుగున నీళ్లు పోవడానికి రంధ్రం ఉంది. దానికి కుక్కిన గుడ్డ పీకేశాము. అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఎండాకులు, ఆ పైన కొట్టం మూల మిగిలిన పాత పేడపొడి. అందులో మందను వదిలి పైన తడిగోనె కప్పాము.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వంట వానపాముల కోసం జరిగింది. బీరతొక్కు పచ్చడి అంటే నాకు ప్రాణం. అది పోయింది, తొక్కు వాటికి. వంకాయ తొడిమలు వాటికి, గుమ్మడికాయ గుజ్జు వాటికి, గుడి కాడ పడేసిన అరటితొక్కలు ఏరుకొచ్చి అవీ వాటికే. అన్నీ సన్నగా తరిగి పెట్టేది. ఎందుకే అంత సన్నగా అంటే, "నోట్లో పండ్లు లేవు గదప్పా పాపం," అనేది. అయ్యా, నాకూ లేవు, నాకెప్పుడైనా తరిగి పెట్టిందా?

మరి మంద పెరిగింది చూడండీ! నెలకు రెట్టింపు, రెండు నెలలకు నాలుగింతలు. మధ్యాహ్నం పూట తొట్టికి చెవి ఆనిస్తే అవి నమిలే చప్పుడు పిండిమర మాదిరి వినపడేది. ఒకరోజు స్నానం చేసి కొట్టంలో తీగ కనపడితే పంచె ఆరేశాను. కాసేపటికి చూస్తే తీగా లేదు, పంచే లేదు. ఆ తీగ కాస్తా పంచెతో సహా తొట్టిలోకి దిగిపోయింది. ఎరువు సంగతి అయితే అడగొద్దు. పెరట్లో కరివేపాకు మొక్కకు ఒక్క పిడికెడు వేశాను. ఒక్కో ఆకు విస్తరంత అయింది. సుబ్బరత్నమ్మ తాలింపుకు ఒక ఆకు అడిగి, తల మీద పెట్టుకొని మోసుకుపోయింది.

ఇవి నేను చెప్పే మాటలు. బయమ్మకు ఇవేవీ పట్టవు. ఆమె పొద్దున్నే తొట్టి పక్కన గొంతుకూర్చొని, గోనె ఒక అంచు ఎత్తి, "తిన్నారా?" అని అడిగేది. ఎవరో జవాబు చెప్పినట్టే తల ఊపేది. అందులో ఒకదానికి గౌరి అని పేరు కూడా పెట్టింది.

"ఇన్నిట్లో ఎట్ల గుర్తుపడతావే?"

"గోనె ఎత్తగానే తల ఎత్తి చూస్తాది."

"అది తోకేమోనే."

"నీకేంటికి? అది నాకు తెలుసు."

ఆ రోజుల్లో ఆమె మొహం మీరు చూసి ఉండాలి. నడుము నొప్పి లేదు, మోకాలు నొప్పి లేదు. ఆ తొట్టి ఒక్కటి పచ్చగా ఉంటే చాలు, ఆమె మనిషిగా ఉంటుంది. అది ఎండితే మళ్లీ చేతులు ఖాళీ. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, బయటికి మాత్రం ఎవరం అనలేదు.

శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. ఎండలు వచ్చాయి. మా ఊరి ఎండ మీకు కొత్తేం కాదు గానీ, ఈసారి ఎండ వేరు. మా కోడి నేరుగా ఉడికిన గుడ్డు పెట్టింది. నేనే ఉప్పు కారం చల్లుకొని తిన్నాను. కుళాయి నాలుగు రోజులకు ఒకసారి, అదీ అరగంట. ఇంటికి ఆరు బిందెలు దొరికితే అందులో ఒకటి మందకు. నేను స్నానం మానేశాను. పదిహేను రోజులకు నా వీపు మీద కూడా వానపాములు పెంచుకోవచ్చు అనిపించింది. బయమ్మ గోనె తడిపి కప్పి, వెనక్కి తిరిగి ఇంట్లోకి అడుగు పెట్టేలోపలే గోనె ఎండి పెళపెళమనేది. మళ్లీ వెనక్కి వచ్చి తడిపేది.

నీళ్ల తర్వాత మేత తగ్గింది. కూరగాయల బండి వారానికి ఒకసారి కూడా రావడం మానేసింది. మేమే సంగటిలోకి ఊరిబిండి నంజుకొని బతుకుతున్నాము. ఊరిబిండి అంటే బుడ్డలూ మిరపకాయలూ చింతపండూ. అందులో వాటికి పెట్టేది ఏముంది?

"నాలుగు దినాలైంది వాటికి పెట్టి. ఊరికే పైకొచ్చి చూసి పోతాండాయి," అంది బయమ్మ. ఆ మాట అంటూ తను కూడా సంగటి ముద్ద పక్కన పెట్టేసింది.

అది నేను చూడలేకపోయాను. అక్కడే తప్పు జరిగింది.

మరుసటి రోజు పనిమీద మెయిన్ రోడ్డు దాకా పోతే, ఎవరో రైతు ట్రాక్టరెడు టమోటాలు రోడ్డు పక్కన పారబోసి పోయాడు. మార్కెట్లో అడిగే దిక్కు లేక వెనక్కి తెచ్చి పారబోసినట్టున్నాడు. ఎర్రగా, కొండ మాదిరి, ఆ కొండకు ఇటువైపు నిలబడితే అటువైపు బస్సు కనపడలేదు. నాకు నా పెళ్లి రోజు కూడా అంత సంతోషం కలగలేదు. రెండు గోతాలు నింపి ఆటోలో వేసుకొచ్చాను.

బయమ్మ గోతాం మూతి విప్పి చూసింది. "పులుపు వద్దన్నాది గదప్పా ఆ పాప," అంది.

"పచ్చి టమోటా పులుపు. పండింది తియ్యగుంటాది. తిని చూడు."

"కొంచెం కొంచెం పెట్టమన్నాది."

"నాలుగు దినాలు పస్తులుండాయే. ఒక్క దినం పండగ చేసుకోనీ."

ఆమె ఒకటి కొరికింది. తియ్యగా ఉండాలని ఆమె కూడా కోరుకుంది కదా, తియ్యగానే ఉంది. ఆమె నాలుగు కాయలు చేతిలోకి తీసుకునే లోపల నేను రెండు గోతాలూ ఎత్తి తొట్టిలో కుమ్మరించేశాను. ఈ చేతులతోనే.

మూడో రోజు కొట్టంలోకి పోతే కల్లు కుండ పగిలినట్టు వాసన. గోనె ఎత్తితే పులిసిన టమోటాల ఆవిరి. చేయి పెడితే సంగటి కుండలో పెట్టినట్టు కాలింది. మంద మొత్తం తొట్టి గోడల వెంట పైకి పాకి, గోనె కిందికి చేరి వేలాడుతోంది. కొన్ని అంచు దాటి బయట పడి, ఎండి, నల్లటి దారం ముక్కల మాదిరి రాతికి అంటుకుపోయాయి. బయమ్మ వాటిని గోటితో గీకి అరచేతిలో వేసుకొని చూసింది. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆశ్రితకు ఫోన్ చేశాము. ఆ పిల్లను అప్పటికే చిలమత్తూరు వైపు బదిలీ చేశారు.

"టమోటాలన్నీ తీసేయండవ్వా. ఎండాకులు కలపండి. తడిగోనె కప్పి వదిలేయండి. ఇంక ఏమీ పెట్టొద్దు, ఏమీ పోయొద్దు," అంది.

"మందేం లేదా పాపా?"

"మందు లేదవ్వా. బతికేవి బతుకుతాయి. చూస్తుండాల అంతే."

చెప్పినట్టే టమోటాలు తీశాము, ఆకులు కలిపాము. ఆ తర్వాత చూస్తూ ఉన్నాము. చూస్తూ ఉండడం అంత కష్టమని నాకు అంతవరకూ తెలియదు. ఎండలో బండలు మోయమనండి, మోస్తాను. బావి తవ్వమనండి, పాతాళం దాకా తవ్వి అక్కడి వాళ్లతో బీడీ కాల్చి వస్తాను. ఊరికే కూర్చొని చూడమంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయమ్మ అయితే గోనె ఎత్తుతుంది, మూస్తుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

మూడు రోజులు అట్లే గడిచాక, పొద్దున్నే ఆమె ఉన్నట్టుండి లేచింది. "ఎనుముకు కడుపుబ్బితే చూస్తా కూర్చున్యామా? పోయి యేసన్నను పిల్చుకోని రా."

యేసన్న పశువులకు నాటు వైద్యం చేసే మనిషి. సామాన్యుడు కాదు. ఒకసారి చచ్చిపోయిన ఎద్దు చెవిలో ఏదో ఊదితే, అది లేచి తుమ్మి, కొమ్ములు విదిలించి, తనను మోసుకుపోవడానికి వచ్చిన బండినే లాక్కుపోయింది. అటువంటి యేసన్న పశువుల నోట్లో మందు పోసే తన వెదురు గొట్టం, మందుల సంచీ తీసుకొని వచ్చాడు. తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"మేత మాని ఎన్ని దినాలాయ బయమ్మా?"

"మూడు దినాలన్నా."

"పేడ ఎట్లేస్తాండాయి? గట్టిగానా, పల్చగానా?"

"అవి తినేదీ పేడే, వేసేదీ పేడేనన్నా. ఎట్ల చెప్పేది?"

"నెమరేస్తాండాయా?"

బయమ్మ నా వైపు చూసింది. నేను కొట్టం కప్పు వైపు చూశాను.

యేసన్న ఒకదాన్ని వేలి మీదికి ఎక్కించుకొని, కళ్ల దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశాడు. "కడుపుబ్బరమే. మబ్బులేసినప్పుడు పచ్చిజొన్న మేసిన ఎద్దుకు వస్తాది సూడు, అదే," అన్నాడు. గొట్టం తీశాడు. వానపామును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఓబులేసన్నా, దీనికి నోరు యాడుండాది?"

"దాన్నే అడుగు," అన్నాను.

"సరే, గొట్టం పట్టేటట్టు లేదు. పైన పోస్తాం. తోలులోంచి దిగుతాది."

వాము, వెల్లుల్లి, మిరియాలు, పసుపు, ఒక పిడికెడు ఉప్పు, అన్నీ నూరి పుల్లమజ్జిగలో కలపాలన్నాడు. మా ఊళ్లో కడుపుబ్బిన ఏ పశువుకైనా అదే మందు. అది తాగి లేవని పశువును నేను చూడలేదు.

ఉప్పు అన్న మాట నా చెవిన పడింది. ఉప్పు వద్దు, కారం వద్దు, పులుపు వద్దు. ఆశ్రిత మాట బడి వరండాలో చెప్పినట్టే వినపడింది. నోరు తెరిచాను.

బయమ్మ అప్పటికే రోలు ముందు కూర్చొని నూరుతోంది. మూడు రోజుల తర్వాత ఆమె చేతులకు పని దొరికింది. కొంగు నడుముకు దోపుకొని, పెదవి బిగించి, ఎనుము ఈనిన రోజు ఎంత వేగంగా పని చేసిందో అంత వేగంగా నూరుతోంది. ఆమెకు ఆ నాలుగు మాటలూ గుర్తు లేవా? నాకంటే ఎక్కువే గుర్తున్నాయి. కానీ చూస్తూ కూర్చోవడం కంటే ఏదో ఒకటి చేయడం ఆమెకు కావాలి. ఇక నేనా, రెండు గోతాల టమోటాలు కుమ్మరించినవాణ్ణి. ఏ మొహం పెట్టుకొని వద్దంటాను?

నోరు మూసుకున్నాను. ఇందులో నేను ఒక్క మాట కూడా పెంచి చెప్పడం లేదు. ఆ మూసుకున్న నోరు ఇప్పటికీ నాకు అరగలేదు.

యేసన్న చెంబుతో మందు పోశాడు. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత తొట్టి మొత్తం కదిలింది. అడుగున ఉన్నవీ, మూలల్లో ఉన్నవీ, చచ్చిపోయాయి అనుకున్నవీ అన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.

"చూడప్పా, చూడు! లేచినాయి! బలమొచ్చినాది!" అని బయమ్మ చప్పట్లు కొట్టింది.

యేసన్న మీసం దువ్వుకున్నాడు.

మంద అంచు దాకా వచ్చింది. ఆగలేదు. అంచు మీంచి పొంగిన పాల మాదిరి కిందికి జారింది. కింద పరిచింది నల్లబండలు. కొట్టం కప్పు నీడ తొట్టి వరకే. పదకొండు గంటల ఎండ ఆ బండల మీద అప్పటికే దోసె కాల్చుకునేంత పడింది. అవి బండ మీద పడి, ఒక్కసారి చుట్టుకొని, మళ్లీ విప్పుకోలేదు.

బయమ్మ మొహంలో సంతోషం పోవడానికి కాసేపు పట్టింది. ఆమె చేతులు ఇంకా చప్పట్ల దగ్గరే ఉన్నాయి.

"అయ్యో, బండ కాలుతాది! కాలుతాదప్పా, కాలుతాది!" అని కింద కూలబడి రెండు చేతులతో దోసిళ్లకు ఎత్తింది.

ఆ అరుపుకు సుబ్బరత్నమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది. ఎవరి చేతిలో గంటె, ఎవరి చేతిలో పళ్లెం, ఎవరి చేతిలో చెప్పు. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క తాగే నీళ్ల బిందె నేను తెచ్చి బేసిన్‌లో గుమ్మరించాను. కడిగి కడిగి మందు వదిలించాము. యేసన్న కూడా మోకాళ్ల మీద పడి ఏరాడు.

"నా మందు తాగి పశువులు లేస్తాయి గానీ బయమ్మా, ఇట్ల ఇల్లిడిచి పోవు," అని కళ్లు తుడుచుకున్నాడు.

అన్నీ కడిగాక బేసిన్‌లో కదిలేవి ఇరవైమూడు. పదివేలలో ఇరవైమూడు. బయమ్మ వాటిని ఒక గిన్నెలో తడిగుడ్డ పరిచి అందులో వేసింది.

తొట్టిలో మందు కలిసిపోయింది. మళ్లీ అందులో వేయలేము. కావలసింది పిడికెడు తడిమట్టి. దాని కోసం తలా ఒక దిక్కు పోయాము. కుళాయి కింద చూశాము, మట్టి బొబ్బలెత్తి ఉంది. మురుగుకాలువ అడుగు పగిలి ఉంది. బడి దగ్గర బోరింగు కొడితే దగ్గింది తప్ప ఉమ్మలేదు. చెరువులో మూరెడు లోతు గుంత తీశాను, పొడి దుమ్ము లేచి నా కళ్లలోనే పడింది. సుబ్బరత్నమ్మ తన తులసి కుండీ తెచ్చి ముందు పెట్టింది. అందులో తులసి పుల్లలే ఉన్నాయి, మట్టి కొలిమిలోంచి తీసినట్టుంది. ఊరంతా తిరిగితే, అయ్యా, అరచేతి వెడల్పు తడినేల దొరకలేదు.

"విజయభాస్కర్ చీనీతోట," అన్నాడు యేసన్న. "ఆడ డ్రిప్పు వదులుతాండారు."

ఆ బత్తాయి తోట రెండు మైళ్లు. బయమ్మ గిన్నెను కొంగు కింద పెట్టుకొని నడిచింది. యేసన్న వెనకాలే వచ్చాడు, నేను గొడుగు పట్టుకున్నాను. నీడ ఆమె మీద పడితే నా చేయి పట్టి గిన్నె మీదికి జరిపింది. చెప్పులు లేని కాళ్లతో ఆ మిట్టమధ్యాహ్నం ఆమె నడిచిన నడక, అయ్యా, నేను గొడుగు పట్టుకొని పరిగెత్తితే కూడా అందలేదు.

విజయభాస్కర్ పెద్ద భూములున్న ఇంటి మనిషి. వాళ్ల నాయన సర్పంచిగా చేశాడు. నలుగురు వచ్చి చేతులు కట్టుకొని నిలబడే గడప వాళ్లది. ఆయన బోరు స్టార్టరు డబ్బా ముందు నేల మీద కూర్చొని, పైపుకు చెవి ఆనించి వింటున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"ఏమక్కా, ఈ ఎండలో?"

బయమ్మ గిన్నె ముందుకు చాపి గుడ్డ తీసింది. "నాయనా, ఇరవైమూడు ఉండాయి. యాదో ఒక చెట్టు కింద ఇంత తావు ఇయ్యి. తడి ఉన్నన్నాళ్లు."

నేను ఆయన నవ్వుతాడని భయపడ్డాను. ఆయన వంగి గిన్నెలోకి చూసి, తోట అవతలి వైపుకు చేయి చూపించాడు.

"ఆ పక్క నాలుగు సాళ్లు వదిలేసినానక్కా," అన్నాడు. అటు చూస్తే చెట్లు నిలబడే ఎండిపోతున్నాయి, కాయలు గోలీల మాదిరి ముడుచుకొని ఉన్నాయి. "మా నాయన పెట్టిన చెట్లు. ఏవి ఉంచుకోవాల్నో ఏవి వదిలేయాల్నో నేనే చెప్పాల్సి వచ్చినాది. ఈ రెండు సాళ్లకే ఇప్పుడు నీళ్లు. నీకు యా చెట్టు నచ్చితే ఆ చెట్టు పట్టుకో. నీళ్లకు మాత్రం నేను మాటియ్యలేను."

బయమ్మ సాలు వెంట నడిచి, తోటమాలి కూర్చొని పైపు సర్దుతున్న ఒక చెట్టు కింద ఆగింది. డ్రిప్పు చుక్క పడేచోట మట్టి పళ్లెమంత వెడల్పున నల్లగా ఉంది. వేళ్లతో తవ్వి, ఎండాకులు కప్పి, ఒక్కొక్కటే వదిలింది. అవి కాసేపు వాసన చూసుకున్నట్టు ఆగి, లోపలికి పోయాయి. వెనక్కి తిరిగి చూసేవి ఏవీ లేవు.

"రోజూ ఇంతదూరం వచ్చి పెట్టలేను నాయనా," అంది. "చీనీ తొక్కలు మాత్రం వేయొద్దు. పులుపు."

"వేయంలేక్కా."

ఆమె ఖాళీ గిన్నె పట్టుకొని నిలబడింది. పైపులోంచి ఒక చుక్క పడింది. మేమందరం ఆ రెండో చుక్క కోసం చూస్తున్నాము. విజయభాస్కర్ చూస్తున్నాడు, యేసన్న చూస్తున్నాడు, నేను చూస్తున్నాను. అది పైపు అంచున ఉబ్బి, పడదామా వద్దా అని ఆలోచిస్తూ వేలాడింది. ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ఏదైనా చెప్పి ఆమెను నవ్విద్దామని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నా నోట్లో అబద్ధం కూడా లేదు.

అప్పుడు, ఆ చెట్టు పక్కనే గొంతుకూర్చొని, అంతసేపూ అంతా విన్న తోటమాలి రామాంజులు, తల గోక్కొని, చాలా పెద్ద చిక్కు వచ్చినవాడిలా బయమ్మను అడిగాడు:

"అక్కా, తర్వాత మాటపట్టింపులు వద్దు, ఇబ్బుడే తేల్చుకుందాం. ఇవి మా తోటలో ఈనితే దూడలు మీకా, మాకా?"